తీవ్రతయు ప్రాధాన్యమును

తప్పు పట్టువానికి లోకమున మంచి పేరు లేదు. విస్తరి ముందు కూర్చుండి ఉప్పు చాలలేదనిన అల్లుడును, పద్దుల పుస్తకము తిరుగవేసి లెక్క కుదరలేదనిన గుమాస్తాయు, పెండ్లిమాటలనాడు పిల్లవాని చదువు సంగతి గ్రుచ్చి గ్రుచ్చి యడిగిన మేనమామయు ఒక్క కోవకు చెందినవారే. వారిని పిలువక ఉండలేము. పిలిచి సంతోషింపను లేము. అట్టి తప్పుపట్టుటయే వృత్తిగా గైకొని, చదువుకొన్న యువతీయువకులు నేడు మన తెలుగునాట వేలకొలది నెలజీతములపై పని చేయుచున్నారు. వీరిని సాఫ్టువేరు టెస్టరులందురు. ఒకరు కంప్యూటరునకు వ్రాసియిచ్చిన ఆదేశములను వీరు చేతికి తీసికొని, చెప్పినట్లు నడచుచున్నదా, చెప్పనిచోట ఏమి చేయుచున్నది, తెలియనివాడు ముట్టుకొన్న ఏమగును, త్వరపడువాడు రెండుమారులు నొక్కిన ఏమగును అని నానావిధముల దానిని వేధించి చూతురు. చెడినచోటును వ్రాసి పంపుదురు.

ఈ పనికి కీర్తి లేదు. చెరువు త్రవ్వించిన ప్రభువు పేరు శాసనమున నుండును. కాకతీయులనాటి చెరువుల నడుమ బ్రదుకుచున్న మేము అట్టి శాసనములు కొన్ని చదివితిమి. కాని ముసురుపట్టిన రాత్రి లాంతరు పట్టుకొని కట్టమీద తిరిగి, ఎలుకబొరియ ఎచ్చటనైన నీరు కార్చుచున్నదేమో యని వెదకిన నీరటికాని పేరు మాత్రము వానిలో మాకు కనబడలేదు. 2023 జూలై చివర మా భద్రకాళి చెరువు కట్టకు పోతననగరు వైపున గండి పడిననాడే కట్ట యొకటి యున్నదని మాలో అనేకులకు జ్ఞప్తికి వచ్చెను.

ఓరుగంటికి ఇంజనీరింగు విద్య క్రొత్తది కాదు. 1959లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, 2002లో ఎన్.ఐ.టి.గా పేరు మారినది, ఎందరినో దేశాంతరములకు పంపినది. చదువు ఇచ్చట, కొలువు అన్యత్ర అనునదే ఇన్నాళ్ల పద్ధతి. పిల్లలు కాజీపేటలో రైలెక్కుటను మాత్రమే తల్లిదండ్రులు చూచిరి. ఆవల వారేమి చేయుచుండిరో ఎరుగరు. 2020 జనవరిలో మడికొండయొద్ద రెండు పెద్ద కంపెనీల కార్యాలయములు తెరచిరి. మార్చిలో మహమ్మారి వచ్చి వానిని, హైదరాబాదు కార్యాలయములను కూడ మూయించి, ఆఫీసును తెచ్చి మన వంటయింటి ప్రక్కగదిలో కూర్చుండబెట్టెను. అంతవరకు జీతముగా మాత్రమే తెలిసిన ఉద్యోగము అప్పుడు ఇంటివారికి శబ్దముగా, వేళగా, మూసిన తలుపుగా తెలిసినది. మహమ్మారి తొలగినను ఈ యేర్పాటు అనేకుల విషయమున పూర్తిగా తొలగలేదు.

మాయొద్ద ఉన్నతపాఠశాలలో చదివిన బాలిక యొకతె నేడు హనుమకొండలో ఒక గృహస్థుని కోడలై, అమెరికా ఆసుపత్రుల బిల్లుల లెక్కలు చూచు సాఫ్టువేరునకు టెస్టరుగా ఉన్నది. వారమున రెండు దినములు ఆఫీసునకు పోవును. తక్కిన దినములు ఇంటినుండియే పని. పండుగలకు పబ్బములకు మమ్ము చూడవచ్చినప్పుడు ఆమెతో జరిగిన ప్రసంగములే ఈ వ్యాసమునకు మూలము. మొదట మేము ఆమె వృత్తిని గూర్చి అడిగినప్పుడు ఆమె యిచ్చిన సమాధానము ఇది: "సార్, మేము పని బాగా చేస్తే ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడమే మా పని."

పరీక్షయను మాటను మేము ఇరువది యేండ్లుగా నోట నానబెట్టుచున్నాము. పరి యనగా చుట్టును, ఈక్ష యనగా చూపు; చుట్టును తిరిగి చూచుట పరీక్ష. మా పాఠశాలలలో జరుగుచున్నది మాత్రము ఎదుటనుండి చూచుటయే. పది ప్రశ్నలు వేసి, వచ్చిన జవాబునకు అంకె వేసి, ఆ అంకెను బాలుని నుదుట అంటింతుము. ఈమె చేయు పరీక్ష అట్టిది కాదు. దోషమును వ్రాయుటకు వారికి ఒక కాగితమున్నది. అందలి శీర్షికలను ఆమె మాకు చెప్పెను. ఏమేమి చేయగా దోషము కనబడినది, వరుసగా వ్రాయవలెను. మరియొకడు అట్లే చేసినచో మరల కనబడవలెను. ఏమి జరుగవలసియుండెను, ఏమి జరిగినది, ప్రక్కప్రక్కన వ్రాయవలెను. ప్రోగ్రామును చేసినవానిని గూర్చి ఒక్క మాటయు ఉండరాదు. వాడు సోమరి యనిగాని, వానికి తెలివి లేదనిగాని వ్రాసినచో పై అధికారి ఆ కాగితమును త్రిప్పిపంపును. తప్పు పనిది, మనిషిది కాదు. మన శాస్త్రగ్రంథములలో పూర్వపక్షమునకు గల మర్యాద మాకు స్ఫురించినది. ప్రతిపక్షి వాదమును తనకంటె బలముగా తానే చెప్పి, పిదప సిద్ధాంతము చేయుట మన పెద్దల రీతి. టెస్టరు జీతమిచ్చి పెట్టుకొన్న పూర్వపక్షి.

ఆ కాగితమున కడపట రెండు గడులున్నవి. ఒకటి తీవ్రత, రెండవది ప్రాధాన్యము. ఈ రెండును ఒకటే కదా యని మేము అంటిమి. కావని ఆమె ఉదాహరణముతో చెప్పెను. ముఖపత్రమున కంపెనీ పేరులో ఒక అక్షరము తప్పుపడినదనుకొందము. దాని వలన ఎవ్వరి లెక్కయు చెడదు, ఎవ్వరి ప్రాణమును పోదు, తీవ్రత స్వల్పము. ఐనను యజమాని చూచిన తలవంపు గనుక తెల్లవారులోగా దిద్దుదురు, ప్రాధాన్యము మిక్కుటము. మరియొకచోట, నాలుగేండ్లకొకసారి వచ్చు ఫిబ్రవరి 29వ తేదీన పుట్టిన రోగి లెక్క మొత్తము తారుమారగును. ఇది తీవ్రమైనదే, కాని అట్టివారు కొద్దిమంది, వారు మొరపెట్టుకొనునప్పటికి చూతములే యని ప్రాధాన్యము తగ్గింతురు. తీవ్రతను టెస్టరు వ్రాయును. ప్రాధాన్యమును యజమానులు వ్రాయుదురు.

ఆ కడపటి వాక్యమును ఆమె సామాన్యముగనే పలికినది గాని, అది మమ్ము చిరకాలము విడువలేదు. దోషములు కనబడక లోకము చెడుచున్నదని మేము తలచియుంటిమి. కనబడి, పేరు పెట్టబడి, వరుసలో క్రిందికి నెట్టబడుట వలననే హెచ్చుగా చెడుచున్నదేమో!

ఈ విషయమున జరిగిన కథలు కొన్ని చదివితిమి. కెనడావారు క్యాన్సరు రోగులకు కిరణచికిత్స చేయుటకు థెరాక్-25 అను యంత్రమును చేసిరి. అంతకు ముందటి యంత్రములలో, మోతాదు మించినచో తమంత తామే ఆపివేయు అడ్డులు యంత్రభాగములలోనే యుండెడివి. ఇందులో ఆ భారమును హెచ్చుగా సాఫ్టువేరుమీద వేసిరి. 1985 నుండి 1987 వరకు ఆరుగురికి మితిమీరిన కిరణములు తగిలినవి. వారిలో కొందరు మరణించిరి. రోగి ఒడలు కాలినదని మొరపెట్టుకొన్నను, అధిక మోతాదు అసంభవమని నిర్మాతలు చెప్పుచు వచ్చిరి. 1986లో టెక్సాసు రాష్ట్రపు టైలరు పట్టణమున రెండు ప్రమాదములు జరిగినవి. రెండుమారులును తెరమీద మాల్‌ఫంక్షన్ 54 అను అక్షరములు మాత్రము కనబడినవి. మొదటిసారి కంపెనీవారు వచ్చి పరీక్షించి ఏమియు కనుగొనలేక యంత్రమును మరల పనికి విడిచిరి. రెండవది జరిగిన పిదప ఆ ఆసుపత్రి భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేగరు, యంత్రము నడుపు ఉద్యోగినిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆమె నాడు నొక్కిన మీటలనే ఆ వరుసలోనే మరల మరల నొక్కించెను. తుదకు దోషము చిక్కెను. పొరపాటున వేరొక కిరణము పేరు నమోదై, దానిని చటుక్కున దిద్ది ఎనిమిది సెకండులలోపల ముందుకు పోయిననే ఆ ప్రమాదము జరుగును. మెల్లగా నొక్కువానికి కనబడదు. పనిలో ఆరితేరి వేళ్లు పరుగెత్తువారికే కనబడును. పరీక్షింప వచ్చిన పెద్దలు మెల్లగా నొక్కిరి. ఇట్టి దోషమును పట్టుటకు విద్వత్తు చాలదు. ఆ యంత్రముతో దినదినము వేగువారి చేతివాటము తెలియవలెను. ఇంటి సంగతులును ఇట్టివే గదా.

ఇంకొకటి బ్రిటను దేశపు తపాలాశాఖ కథ. 1999 నుండి అచ్చటి చిన్న తపాలాకార్యాలయములలో హొరైజన్ అను లెక్కల సాఫ్టువేరును ప్రవేశపెట్టిరి. కొందరి లెక్కలలో లేని లోటు కనబడసాగెను. లోటును మీరే కట్టవలెననిరి, కట్టలేనివారిని దొంగలనిరి. కంప్యూటరు సరిగనే పనిచేయుచున్నదని న్యాయస్థానము ముందుగా ఊహింపవలెనను నియమము ఆ దేశమున నుండెను. తొమ్మిదివందలమందికి పైగా శిక్షలు పడినవి. కొందరు చెరసాలకు పోయిరి, ఇండ్లమ్ముకొనిరి. వారిలో భారతీయ సంతతివారును గలరు. మొరపెట్టుకొన్న ప్రతివానితోను, ఇట్టి చిక్కు నీ యొక్కనికే వచ్చినది సుమా యనిరట. తెలిసిన దోషముల పట్టిక యొకటి నిర్మాతలయొద్ద ఉండనేయున్నది. దానిని నిందితులకు చిరకాలము చూపలేదు. 2019 డిసెంబరులో న్యాయస్థానము సాఫ్టువేరులో దోషములున్నవని తీర్పు చెప్పినది. 2024లో పార్లమెంటు చట్టము చేసి ఆ శిక్షలను ఒక్కుమ్మడి రద్దుచేసినది. మధ్య ఎన్ని యేండ్లో చదువరులే లెక్కవేసికొందురు గాక.

దూరదేశముల మాట యేల? 2019 ఏప్రిలు 18వ తేదీన మన తెలంగాణమున ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడినవి. వ్రాసినవారు తొమ్మిది లక్షలకు పైబడి. ఆ యేడు ఫలితముల పని ఒక క్రొత్త సంస్థ చేతికి, క్రొత్త సాఫ్టువేరునకు అప్పగింపబడియుండెను. పరీక్షకు పోయినవారు పోలేదని కొందరికి వచ్చినది. తెలుగున 99 మార్కులు రావలసిన ఒక బాలికకు సున్న వచ్చినది. అది యంత్రము చేసినది కాదు, మార్కులకు సున్నలు చుట్టవలసిన కాగితముపై మనుష్యుడు చేసిన తప్పు. అయినను నూటికి తొంబదితొమ్మిదికిని సున్నకును భేదము కనిపెట్టి, ఇదేమని యడుగు కన్ను ఆ త్రోవలో ఎచ్చటను లేకపోయెను. ఫలితముల పిదప ఇరువదిమందికి పైగా బాలబాలికలు ప్రాణములు తీసికొన్నారని ఆనాటి పత్రికలు వ్రాసినవి. ఆ మరణములన్నియు లెక్కతప్పుల వలననే జరిగినవనుట న్యాయము కాదు. తప్పినవారు మూడులక్షలకు పైబడినవారు. ప్రభుత్వము ఉచితముగా వారి పత్రములను తిరిగి చూపింపగా ఉత్తీర్ణులని తేలినవారు వేయిమందికి పైచిలుకు. ముగ్గురు సభ్యుల సమితి విచారించి సాఫ్టువేరులోను, పర్యవేక్షణలోను లోపములున్నవని తెలిపినది.

వేయిమంది యనగా శాతమున అతిస్వల్పము. పట్టికలు చూచు అధికారికి అది తీవ్రముగా తోపదు. మా తరగతి గదిలో ఆ వేయిమందిలో ఒక్కడు కూర్చుండియున్నచో వాని మట్టుకు అది నూటికి నూరు. మా శిష్యురాలు ఆ యేడు సంగతులు చదివి మాతో నిట్లనెను: వారి వృత్తిలో క్రొత్త యేర్పాటు వచ్చినప్పుడు ప్రాతదానిని వెంటనే పారవేయరట. కొంతకాలము రెండింటిని ప్రక్కప్రక్కన నడిపి, రెండు ఫలితములును కలియుచున్నవా యని చూతురట. కలియనిచోట ఆగుదురట. దీనికి కాలమును ద్రవ్యమును కావలెను. ఫలితముల తేదీ ముందే ప్రకటించి, ఆ తేదీకి వేయి కన్నులు పెట్టుకొన్నచోట ఆగుదమనువాడు ద్రోహివలె కనబడును. తేదీకి ప్రాధాన్యము, తప్పునకు తీవ్రత. గెలిచినది ఏదో చెప్పనక్కరలేదు.

ఇక ఆమె గృహము. భర్తయు సాఫ్టువేరువాడే, వేరొక కంపెనీలో. అమెరికా తూర్పుతీరమున ఉదయము తొమ్మిదిన్నర యైనప్పుడు మనకు వేసవిలో రాత్రి ఏడు. శీతకాలమున వారు గడియారమును గంట వెనుకకు త్రిప్పుకొందురు గనుక మనకు ఎనిమిది. వారి పగలు మన వంటవేళతో మొదలగును. ఇద్దరికిని రాత్రి పనియే. భర్త గది తలుపు వేసికొన్నప్పుడు ఆ యింట టీవీ శబ్దము తగ్గింతురు, "అబ్బాయి పనిలో ఉన్నాడు" అందురు. ఆమె తలుపు వేసికొన్నప్పుడు "అమ్మాయి ఫోనులో మాట్లాడుతున్నది" అందురు. ఇద్దరి జీతమును ఇంచుమించు సమానము. క్రొత్త ప్రోగ్రాము విడుదలచేయు రాత్రులలో తెల్లవారుజాము నాలుగింటివరకు ఆమె మేలుకొనియుండి, ఆరింటికి పాలవాని గంటకు లేచి, ఏడున్నరకు బిడ్డ బడిబస్సునకు డబ్బా కట్టవలెను. అత్తగారు దుష్టురాలు కాదు, గయ్యాళి కాదు. కోడలి ఉద్యోగమును గూర్చి చుట్టములతో గర్వముగా చెప్పుకొనును. ఉదయము లేచి పొయ్యి వెలిగించునది ఇంటి కోడలు అనునది మాత్రము ఆమెకు సూర్యోదయమువంటిది. అందు పరీక్షింపదగినది ఏమియు తోచలేదు.

1874లో వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టిననాడు వాదము, ఆడుపిల్ల చదువవచ్చునా యని. పిదప ఉద్యోగము చేయవచ్చునా యని. ఆ వాదములు నేడు మధ్యతరగతి యిండ్లలో ముగిసినవి. చదివి సంపాదించు కోడలినే వెదకుచున్నారు. సంస్కర్తలు తలుపు తెరచిరి గాని, లోపలికి వచ్చినదానికి నిద్రించుటకు వేళ ఎప్పుడని ఏ సభయు తీర్మానింపలేదు. సంస్కారమునకు లోబడిన యిండ్లలోనే ఈ లోపము హెచ్చుగా దాగియున్నదని మా అభిప్రాయము. మొరటు ఇంట తగవైనను జరుగును. మర్యాదగల ఇంట అందరును మంచివారే గనుక ఎవ్వరి మీదను ఫిర్యాదు చేయుటకు వీలుండదు.

ఆమె ఒక ఆదివారమునాడు, సగము పరిహాసముగా, తన ఆఫీసు కాగితము రీతినే ఇంటి దోషముల పట్టిక వ్రాసెను. మామగారి రక్తపుపోటు మాత్రలు ఎప్పుడు అయిపోవునో ఎవ్వరును లెక్కింపకుండుట; గ్యాసు బిల్లు రెండుమారులు చెల్లింపబడుట; బిడ్డ కంటిపరీక్ష ఆరునెలలుగా వాయిదాపడుట; అత్తగారి మోకాలినొప్పి రెండేండ్లనాటిదగుట; తన నిద్ర నాలుగు గంటలకు మించకుండుట. ప్రతిదానికి ఏమి జరుగవలెను, ఏమి జరుగుచున్నది అని వ్రాసెను. ఎవ్వరి పేరును వ్రాయలేదు. తీవ్రత గడిని తానే నింపి, ప్రాధాన్యపు గడిని ఖాళీగా విడిచి భోజనముల వేళ మామగారి చేతికిచ్చెను. ఆయన ముఖము మాడ్చుకొని అటు తిప్పి యిటు తిప్పి చూచుచుండగా అత్తగారు వంటయింటినుండి, "నా పేరు రాయలేదు కదా బిడ్డా, అయితే చదువు" అన్నదట. చదువగా, తన మోకాలినొప్పి ఎక్కువ తీవ్రమైనదిగా వ్రాసియుండుట విని ఆమె మాటాడక కూర్చుండెనట. ఇరువదియైదేండ్లుగా ఆ యింట ఆమె ఉదయము ఐదింటికి లేచుచున్నది. ఆమె కాలు నొచ్చుచున్నదని వరుసలో మొదట వ్రాసినవారు అంతకు ముందెవ్వరును లేరు.

ఐనను ప్రాధాన్యపు గడులను నింపునప్పటికి, మొదటి స్థానము ఉదయపు టీకి దక్కినది. ఆ దోషము పట్టికలో లేనేలేదు. మామగారు దానిని క్రొత్తగా చేర్చిరి.

ప్రపంచ వ్యవహారములను కూడ ఆమె ఈ గడులతోనే చూచును. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ట్రంపు, హెచ్-1బి వీసా క్రొత్త దరఖాస్తునకు లక్ష డాలరుల రుసుము విధించుచు ప్రకటన వెలువరించెను. ఈ వీసాలు పొందువారిలో సుమారు పదింట ఏడుగురు భారతీయులు. వారిలో తెలుగువారి పాలెంతయో మన వీధులలోని వృద్ధదంపతుల ఇండ్లు లెక్కించిన తెలియును. ప్రకటన అమలునకు వచ్చినది 21వ తేదీన. ఆ దినమే మావద్ద ఎంగిలిపూల బతుకమ్మ. వేయిస్తంభముల గుడి ముంగిట ఆడవారు బతుకమ్మలను పేర్చి పాడుచుండగా, ఆమె ఆడబిడ్డ, పండుగకని డాలసునుండి వచ్చినది, తిరుగు ప్రయాణమునకు టికెట్టు వెదకుచున్నది. విదేశముల నున్న ఉద్యోగులందరు గడువులోపల తిరిగి రావలెనని కంపెనీలు వర్తమానములు పంపినవి. ఇప్పటికే వీసా ఉన్నవారికి ఈ రుసుము వర్తింపదని అచ్చటి ప్రభుత్వము ప్రకటన వెలువడిన మరునాడే వివరణ మిచ్చినది.

ఆ రుసుము న్యాయమా అన్యాయమా అనునది ఆ దేశస్థుల విచారణ. తమ కొలువులను గూర్చి వారికి చింత యుండుట సహజము. మా శిష్యురాలి ఆక్షేపణ వేరు. ఆజ్ఞ ఎవరికి వర్తించును, విమానములో ఉన్నవాని సంగతి యేమి, గడువు ఏ దేశపు గడియారము ప్రకారము అనునవి తన వృత్తిలో ప్రథమ సంవత్సరపు టెస్టరు అడుగు ప్రశ్నలు. వానిని విడుదలకు ముందు అడుగవలసియుండగా విడుదలయైన పిదప లక్షలమంది చేత అడిగించిరి. ప్రజలనే పరీక్షాసాధనములుగా చేయుట ప్రభుత్వములకు క్రొత్త గాదు. మన దేశమునందును రాత్రికి రాత్రి అమలైన ఆజ్ఞలు, మరునాటినుండి సవరణల మీద సవరణలు, చదువరులు ఎరుగనివి కావు.

ఈ నడుమ ఆమెకు వేరొక చింత పట్టుకొన్నది. కృత్రిమమేధ ప్రోగ్రాములు వ్రాయుచున్నది. వానిని పరీక్షించు ప్రశ్నలను కూడ తానే వ్రాయుచున్నది. టెస్టరు కొలువులు నిలుచునా? ఆమె కంపెనీలో కొందరిని ఇంటికి పంపిరి. మేము ఇందు నిపుణులము కాము గాని, ఒక చిక్కు మాత్రము మాకు స్పష్టముగా తోచుచున్నది. వ్రాసినవాడే తన వ్రాతకు సాక్షి యైనచో, అపార్థము చేసికొన్నచోటును సాక్ష్యమునందును అపార్థము చేసికొనును. 2024 జూలై 19న జరిగినది యిట్టిదే. కంప్యూటరులను శత్రువులనుండి కాపాడు క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ పంపిన చిన్న సవరణ వలన 85 లక్షల కంప్యూటరులు ఒక్కసారిగా నిలిచిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయమున చేతివ్రాతతో ప్రయాణపత్రములు వ్రాసి యిచ్చిరి. కారణము వెదకగా, ఒకచోట 21 విషయములు ఉండునని యెంచగా మరియొకచోట 20 మాత్రమే అందినవని తేలెను. దానిని పట్టుకొనుటకు నియమించిన పరీక్షాయంత్రములోనే దోషముండి, బాగున్నదని విడిచినది. పైగా దానిని మొదట కొద్దిమందికి పంపి చూడక లోకమంతటికి ఒక్కసారి పంపిరి.

ఆమె ఈ సంగతి తన ఆఫీసువారితో చెప్పినది. వారు శ్రద్ధగా వినిరట. తీవ్రత ఎక్కువ యని ఒప్పుకొనిరట. వచ్చే త్రైమాసికమున చూతమనిరట.

ఇంటి పట్టిక మాత్రము కొంత కదలినది. మామగారు తన మాత్రలు తానే లెక్కించుకొని, అయిపోవుటకు వారము ముందు చీటీ వ్రాయుచున్నారు. బిడ్డకు కండ్లద్దములు వచ్చినవి. అత్తగారిని ఎక్సురే తీయించిరి. మెట్లు ఎక్కవద్దని వైద్యుడు చెప్పినాడు గనుక డాబామీద బట్టలారవేయుట కొడుకు వంతైనది. కోడలి నిద్ర ఎదుటి గడిలో ఇంకను ఏమియు వ్రాయబడలేదు. పోయిన నెలలో మేము పోయినప్పుడు వీధితలుపు గంటకు దూది చుట్టియుండుట చూచితిమి. పాలవానిని గంట నొక్కవద్దని, గిన్నె గడపమీదనే పెట్టుచున్నామని, అందులో పాలు పోసి మూతపెట్టి పొమ్మని అత్తగారే చెప్పెనట.